పాత ఇంటిని మార్చుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు

ఉన్న ఇంటిని మార్చుకోవాలనుకునేవారు మేస్త్రీనో కాంట్రాక్టరునో పిలిచి అడిగే మొదటి ప్రశ్న, ఎంత అవుతుంది అన్నది. రెండవది, ఎన్నాళ్ళు పడుతుంది అన్నది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే కొత్త ఇంటి విషయంలో వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవారు కూడా పాత ఇంటి దగ్గరకు వచ్చేసరికి నీళ్ళు నములుతారు, లేదా ధైర్యంగా ఒక అంకె చెప్పి ఆ తర్వాత దాన్ని పెంచుకుంటూ పోతారు. ఇందులో నిజాయితీ లోపం ఉండవచ్చు, ఉండకపోవచ్చు; అసలు కారణం మాత్రం పని స్వభావంలోనే ఉంది. కొత్త ఇల్లు ఖాళీ స్థలంలో, ముందే గీసుకున్న కొలతల ప్రకారం లేస్తుంది. పాత ఇంట్లో చేయవలసిన పని ఎంతో తేల్చేది గోడల లోపల, టైల్స్ కింద, స్లాబు అడుగున ఎవరో ఎప్పుడో చేసి వెళ్ళిన పని. దాన్ని చూడకుండా చెప్పిన ఖర్చయినా గడువైనా ఊహే. అందుచేత యజమానులు సాధారణంగా అడిగే ప్రశ్నలను వారికి తట్టే వరుసలో కాక, ఏది దేనిమీద ఆధారపడి ఉందో ఆ వరుసలో చూడడం మేలు.

చదరపు అడుగుకు ఇంత అని చెప్పే లెక్క ఇక్కడ ఎందుకు పనికిరాదో ఒక చిన్న బాత్‌రూమ్‌ను కొలిస్తేనే తెలుస్తుంది. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న గదిని తీసుకుందాం. నేల వైశాల్యం 40 చదరపు అడుగులు. చుట్టుకొలత 26 అడుగులు. గోడలకు 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే 182 చదరపు అడుగులవుతుంది, తలుపు భాగం తీసివేసినా 165కు దగ్గరగా మిగులుతుంది. నేలతో కలుపుకుంటే ఇంచుమించు 205 చదరపు అడుగుల టైల్స్ పని, అంటే గది వైశాల్యానికి ఐదు రెట్లు. పాత టైల్స్ ఊడగొట్టడం, పైపులు మార్చడం, వాటర్‌ప్రూఫింగ్ చేయడం ఇందులో ఇంకా చేరనే లేదు. అదే ఇంట్లో దీనికి మూడు రెట్లున్న పడకగదికి రంగు వేస్తే సరిపోవచ్చు. రెండింటినీ కలిపి ఒకే రేటుతో హెచ్చించినప్పుడు వచ్చే అంకె ఏ గదికీ చెందదు. నీరు, మురుగు, కరెంటు మూడూ కలిసే చోట్లు కాబట్టి వంటగదికీ బాత్‌రూమ్‌కూ ఖర్చును విడిగా, పనివారీగా రాయించుకోవాలి. మిగిలిన గదులను మాత్రమే వైశాల్యంతో లెక్కించవచ్చు.

పడగొట్టే పనికి డబ్బేముంటుందిలే అనుకోవడం ఇంకొక పొరపాటు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం ఉన్న ఇటుక గోడ 75 ఘనపు అడుగులుంటుంది. బరువు 4 టన్నుల చుట్టుపక్కల తూగుతుంది. పగిలిన ముక్కల మధ్య ఖాళీ వల్ల అదే గోడ నేల మీద కుప్పగా పడినప్పుడు దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ శిథిలాలను మెట్ల మీదుగా దించేదెవరు, ఎక్కడికి తరలిస్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నవి చాలా అంచనాల్లో రాసి ఉండవు.

ఇక ఎక్కువమంది యజమానుల మనసులో ఉండే కోరిక, వంటగదికీ హాలుకూ మధ్య ఉన్న గోడను తీసివేసి ఇంటిని విశాలంగా చేసుకోవడం. ఆ గోడ తీయవచ్చా లేదా అన్నది ఇల్లు ఏ పద్ధతిలో కట్టారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పిల్లర్లు, బీములు, స్లాబు కలిసి బరువునంతా పునాదికి చేరవేసే ఇంట్లో మధ్య గోడలు చాలావరకు గదులను విడదీసే అడ్డు మాత్రమే. పిల్లర్లు లేకుండా ఇటుకతోనో రాతితోనో గోడలు లేపి వాటిమీదే స్లాబు వేసిన ఇంట్లో మాత్రం పైకప్పును మోస్తున్నది ఆ గోడలే. 9 అంగుళాల గోడ అయితే బరువు మోస్తుంది, నాలుగున్నర అంగుళాలదైతే మోయదు అనే మాట పనివారి నోట తరచు వినిపిస్తుంది. అది సగమే నిజం. పిల్లర్ల ఇంట్లో బయటి గోడ 9 అంగుళాలున్నా బరువు మోయకపోవచ్చు. సన్నని గోడ కూడా, మొదట మోయడానికి కట్టకపోయినా, ఏళ్ళ తరబడి కాస్త కాస్తగా వంగిన స్లాబుకు ఊతంగా మారి ఉండవచ్చు. పై అంతస్తులో సరిగ్గా అదే గోడ మీద మరొక గోడ లేచి ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. అందువల్ల మందం చూసి నిర్ణయించకూడదు. పాత ప్లాను దొరికితే అది, దొరకకపోతే స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి స్లాబులో కడ్డీలు ఏ దిక్కుగా పోతున్నాయో, బీములు ఎక్కడున్నాయో చూసి చెప్పే మాట, ఈ రెండే ఆధారాలు.

బరువు మోసే గోడను తీయడం అసాధ్యమేమీ కాదు, కానీ దాని స్థానంలో బీమ్ పెట్టడంతోనే పని అయిపోదు. గోడ ఉన్నప్పుడు పైకప్పు బరువు దాని పొడవునా పరుచుకుని కిందికి దిగేది. బీమ్ పెట్టాక ఆ బరువంతా దాని రెండు కొసల దగ్గర, కొద్దిపాటి చోటులో కేంద్రీకృతమవుతుంది. ఆ కొసల కింద ఉన్న గోడ, దాని కింద ఉన్న పునాది అంత బరువును తట్టుకోగలవా అన్నదే అసలు ప్రశ్న. తట్టుకోలేకపోతే కింద పిల్లర్లు, వాటికి పునాది కొత్తగా కట్టవలసి వస్తుంది. పని జరుగుతున్నంత కాలం స్లాబును తాత్కాలిక ఊతాల మీద నిలబెట్టాలి. కాంక్రీటు బీమ్ అయితే అది తగినంత గట్టిపడేదాకా వాటిని కదపకూడదు. సాధారణ సిమెంటు కాంక్రీటు 7 రోజుల్లో తన బలంలో సుమారు మూడింట రెండు వంతులే సంతరించుకుంటుంది; పూర్తి బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. గడువు తొందరలో ఊతాలు ముందే తీసేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

గోడ తీయకపోయినా దాన్ని బలహీనపరచే పనులు ఉన్నాయి. పైపుల కోసం, వైర్ల కోసం గోడలో కొట్టే గాడి నిలువుగా ఉంటే గోడ మందంలో మూడో వంతును, అడ్డంగా ఉంటే ఆరో వంతును మించకూడదన్నది విస్తృతంగా పాటించే నియమం. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా కొట్టదగిన లోతు 2 సెంటీమీటర్ల లోపే అన్నమాట. స్విచ్ బోర్డు నుంచి స్విచ్ బోర్డుకు దగ్గరి దారి అని అడ్డంగా పొడవాటి గాడి కొట్టేస్తుంటే అక్కడే ఆపించాలి. పిల్లరునూ బీమునూ మాత్రం ఏ కారణంతోనూ చెక్కనివ్వకూడదు.

నేల విషయంలో తరచు వచ్చే సందేహం, పాత టైల్స్ మీదే కొత్తవి వేయవచ్చా అన్నది. ఊడగొట్టే ఖర్చు, దుమ్ము, చప్పుడు తప్పుతాయి కాబట్టి ఆశ పుట్టించే మార్గమే. దీనికి జవాబు బరువులో ఉంది. పాత నేల మీద 5 సెంటీమీటర్ల సిమెంటు మాలు పరిచి టైల్స్ వేస్తే చదరపు మీటరుకు 120 కిలోలకు పైగా అదనపు బరువు పడుతుంది. ఇళ్ళలో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు 200 కిలోల చుట్టుపక్కల భారం పడుతుందని లెక్కవేసి స్లాబులను రూపొందించడం పరిపాటి. అంటే మన కోసం ఉంచిన సామర్థ్యంలో సగానికి పైగా ఆ పొరే తినేస్తుంది. అదే పని కొద్ది మిల్లీమీటర్ల టైల్ అడ్హెసివ్‌తో, అంటే టైల్స్ అతికించే జిగురుతో చేస్తే అదనపు బరువు 30 కిలోల లోపు ఉంటుంది. అయితే అప్పుడు కింది టైల్స్ అన్నీ గట్టిగా అతుక్కుని ఉండాలి; నాణెంతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినవాటిని ముందే తీసివేయాలి. నేల మట్టం పెరిగి తలుపులు రాసుకోవడం, బాత్‌రూమ్ నేల హాలు నేలతో సమానమై నీరు బయటికి రావడం వంటివి కూడా ముందే కొలిచి చూసుకోవలసినవే. వంటగది మధ్యలో ద్వీపంలా విడిగా నిలిచే రాతి వంటగట్టు, డాబా మీద కొత్త నీళ్ళ ట్యాంకు పెట్టేటప్పుడూ ఇదే లెక్క వర్తిస్తుంది. 1000 లీటర్ల నీరు సరిగ్గా ఒక టన్ను.

స్లాబు అడుగు భాగాన్ని కూడా ఈ సందర్భంలోనే పరీక్షించాలి. పెచ్చులూడుతున్న సీలింగు లోపల కడ్డీలు తుప్పుపడుతున్నాయనడానికి గుర్తు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. ఊడిన చోట ప్లాస్టరింగ్ చేసి కింద ఫాల్స్ సీలింగు బిగిస్తే గది అందంగానే ఉంటుంది. తుప్పు మాత్రం ఎవరి కంటా పడకుండా తన పని తాను చేసుకుపోతుంది. సీలింగు అలంకరణకు ఖర్చు పెట్టాలనుకునేవారు ముందు కడ్డీల వైద్యానికి ఖర్చు పెట్టడం నయం.

ఇంటి మార్పుల్లో చెడిపోయే పనులన్నిటికీ మూలం వెతికితే చాలాసార్లు తేలేది నీరే. గోడ మీద రంగు పొక్కులు లేచి రాలుతుంటే మరింత మంచి రంగు వేయించడం గురించి అడుగుతారు యజమానులు. అడగవలసింది ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నది అని. నేల నుంచి ఇటుకల గుండా పైకి పాకే చెమ్మ గోడ అడుగున పట్టీలాగా కనిపించి తెల్లని ఉప్పు పొరను వదులుతుంది. పైపు కారడం వల్ల వచ్చేది ఒకచోట మచ్చగా మొదలై విస్తరిస్తుంది. డాబా నుంచి దిగేది వానతో పెరిగి ఎండతో తగ్గుతుంది. గదిలోని ఆవిరి చల్లని గోడను తాకి నీరవడం వల్ల వచ్చే తడి వీటిలో దేనికీ చెందదు, దానికి కావలసింది గాలి వెలుతురు మాత్రమే. చివరిదాన్ని మిగిలినవాటి నుంచి విడదీసి గుర్తించడానికి ఒక తేలిక మార్గం ఉంది. గోడ ఉపరితలాన్ని తుడిచి, అడుగున్నర చదరంలో ఒక పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచాలి. తీసి చూసినప్పుడు గోడ వైపున నీటి చుక్కలుంటే చెమ్మ గోడలో ఉన్నది. గది వైపున ఉంటే గాలిలో ఉన్నది. మూలం తెలియకుండా పుట్టీ, ప్రైమర్, రంగు ఎన్ని పొరలు వేసినా ఏడాది తిరగకుండా మళ్ళీ మొదటికే రావచ్చు.

బాత్‌రూమ్‌ను ఒక మూల నుంచి మరొక మూలకు మార్చడం కాగితం మీద తేలిక. మంచినీటి పైపును ఎటైనా తిప్పవచ్చు, ఎందుకంటే అందులో నీరు ఒత్తిడితో పోతుంది. మురుగు పైపులో అది వాలును బట్టి జారుతుంది. కమోడ్‌ను 2 మీటర్లు జరిపి 40కి 1 వాలు, అంటే ప్రతి 40 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు దిగే వాలు ఇస్తే పైపు 5 సెంటీమీటర్లు దిగాలి. పైపు వ్యాసమే 11 సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద నేల పొర. వెరసి 20 సెంటీమీటర్ల లోతు కావాలి. అంత లోతు స్లాబులో లేకపోతే నేలను ఎత్తు చేసి మెట్టు కట్టవలసిందే. వంటగది సింకును కిటికీ కిందికి మార్చడం లాంటి చిన్న కోరికలో కూడా ఇదే ఇబ్బంది పొంచి ఉంటుంది.

వాటర్‌ప్రూఫింగ్ గురించి ఒక్క షరతు పెట్టగలిగితే అది నీళ్ళు నిలబెట్టి చూసే పరీక్ష కావాలని నేనంటాను. పూత ఆరిన తర్వాత, టైల్స్ వేయకముందే, నీరు పోయే దారి మూసి నేల మీద కొన్ని అంగుళాల నీరు నింపి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఉంచి కింది అంతస్తు సీలింగునూ పక్క గోడలనూ చూడాలి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. టైల్స్ వేశాక బయటపడే లీకేజీని సరిచేయాలంటే ఆ టైల్స్ అన్నిటినీ మళ్ళీ పగలగొట్టాలి. అయినా ఒక రోజు వృథా అవుతుందన్న సాకుతో అన్నిటికంటే ముందు వదిలేసే పని ఇదే.

కరెంటు సంగతి. పాత ఇళ్ళలో వైరింగ్ వేసిన నాటికి దీపాలు, ఫ్యాన్లే ప్రధాన వినియోగం. ఇప్పుడు 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానితో పాటు ఏసీ, ఇండక్షన్ పొయ్యి కలిస్తే 20 దాటుతుంది. ఎంసీబీ (పరిమితికి మించి కరెంటు పోతే దానంతటదే ఆగిపోయే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని పెద్ద సైజు ఎంసీబీ బిగించే అలవాటు కొందరికి ఉంది. అది చాలా ప్రమాదకరం. ఎంసీబీ కాపాడేది ప్రధానంగా గోడలోని తీగను. దాన్ని పెంచి తీగను పాతదే ఉంచితే, ముందు కాలేది తీగే. దీపాలకు 1.5, సాధారణ ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీల వంటివాటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడడం పరిపాటి. పెద్ద ఉపకరణానికి ప్రతిదానికీ విడి సర్క్యూట్ ఉండాలి. మనుషులకు షాక్ నుంచి రక్షణ ఇచ్చేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్. ఎంసీబీ ఉంది కదా అని దాన్ని వదిలేయకూడదు. గోడలు తెరిచి ఉన్నప్పుడు వైరింగ్ మార్చుకోకుండా రంగులయ్యాక ఆలోచించడం కంటే దండగ ఖర్చు లేదు.

చాలా పాత ఇళ్ళలో పడగొట్టే ముందే గమనించవలసిన ప్రమాదాలు మరో రెండున్నాయి. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులు, పైపులు కదపనంతవరకు పెద్దగా హాని చేయవు. కోసినా, డ్రిల్ చేసినా, పగలగొట్టినా వాటి నుంచి లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌కు దారితీయగలవు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. వాటిని పొడిగా రుద్దితే లేచే దుమ్ము ముఖ్యంగా పసిపిల్లలకు విషం. సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అనుమానం ఉన్న చోట తడిపి గీకడం, గదిని మూసి ఉంచడం, పిల్లలనూ గర్భిణులనూ ఇంటికి దూరంగా ఉంచడం తప్పనిసరి. ఆస్‌బెస్టాస్‌ను మాత్రం శిక్షణ పొందినవారికే అప్పగించాలి.

అనుమతుల విషయం ఊరికొక రకంగా ఉంటుంది. రంగులు, టైల్స్ వంటి పైపై పనులకు సాధారణంగా అక్కరలేదు. గోడలు, పిల్లర్లు, ఇంటి వెలుపలి రూపం, గదుల సంఖ్య మారే పనులకు కావలసి వస్తుంది. అపార్ట్‌మెంటులో అయితే స్లాబు, బయటి గోడలు, నిలువు పైపులు అందరివీ కాబట్టి సంఘం అంగీకారం ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇంత తెలిశాక గానీ ఎంత అవుతుంది అన్న ప్రశ్నకు అర్థం రాదు. ముగ్గురు కాంట్రాక్టర్లు ముగ్గురూ మూడు అంకెలు చెబితే తక్కువ చెప్పినవాడు చౌకగా చేస్తాడని కాదు. అతని అంకెలో ఏదో చేరలేదని అర్థం కావచ్చు. శిథిలాల తరలింపు, పరంజా, ప్రైమరు, టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్, తలుపుల కోత, చివరి శుభ్రత ఎవరి లెక్కలో ఉన్నాయో చూడాలి. అందుకే పనుల జాబితాను యజమానే, లేదా ఆయన తరఫున ఆర్కిటెక్టు, కొలతలతో సహా తయారుచేసి ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వాలి. ఒప్పందం ఏ రకంగా ఉండాలన్నదానికి నా జవాబు, కనిపించే పనికి మొత్తంగా ఒక ధర, కనిపించని పనికి కొలత ప్రకారం రేటు. రంగులు, అలమారాలు మొదటి కోవలోకి వస్తాయి. టైల్స్ కింద ఏముందో తెలియని బాత్‌రూమ్‌ను ఒకే మొత్తానికి ఒప్పుకున్న కాంట్రాక్టరు, భయపడి ఎక్కువ చెప్పి ఉంటాడు లేదా తక్కువ చెప్పి తర్వాత కోత పెడతాడు. సామాను యజమానే కొనిస్తే నాణ్యత చేతిలో ఉంటుంది, కానీ వృథా కూడా ఆయనదే. టైల్స్‌లో 10 శాతం దాకా విరిగి వృథా కావడం మామూలే కాబట్టి ఆ మేరకు ఎక్కువగా, ఒకే బ్యాచ్ నుంచి కొనాలి, తర్వాత కొన్నవాటికి రంగు కలవదు.

అనుకోని ఖర్చుకు అంచనాలో 10 నుంచి 20 శాతం విడిగా ఉంచుకోవాలి. ఇల్లు ఎంత పాతదైతే అంత పై కొసకు. ఇది మంచి టైల్స్‌కు మళ్ళించే డబ్బు కాదు. పని మధ్యలో పుట్టే ప్రతి మార్పునూ, అది ఎంత చిన్నదైనా, ధరా అదనపు రోజులూ రాసి ఇద్దరూ సంతకం చేశాకే మొదలుపెట్టనివ్వాలి. తగాదాలు ఎక్కువగా పుట్టేది నోటిమాటతో జరిగిన ఈ చిన్న మార్పుల దగ్గరే. చెల్లింపులను తేదీలతో కాక పూర్తయిన దశలతో ముడిపెట్టాలి: కూల్చివేత, గోడల లోపలి పైపులు, వైర్లు, ప్లాస్టరింగ్, నేల, రంగులు.

గడువు ఈ దశల వరుసలో ఉంటుంది, పనివారి సంఖ్యలో కాదు. పదిమందిని పెట్టినా ప్లాస్టరింగ్ ఆరే వేగం పెరగదు. కొత్త ప్లాస్టరింగ్‌లో తడి, క్షారగుణం తగ్గడానికి సుమారు నాలుగు వారాలు ఆగి రంగు వేయాలని రంగుల తయారీదారులు సూచిస్తారు. టైల్స్, కుళాయిలు, తలుపులు ఏవో ముందే ఎంచుకోకపోవడం వల్ల పోయే రోజులు దీనికి అదనం. కుళాయి మోడల్ తెలియకుండా గోడలో పైపు కొస ఎంత లోతులో ఆపాలో ప్లంబర్‌కు తెలియదు. పని జరుగుతుండగా ఆ ఇంట్లోనే ఉండవచ్చా అంటే, వాడుకోవడానికి ఒక బాత్‌రూమ్, నీరు, తలుపు మూసుకోగలిగిన ఒక గది మిగిలితే ఉండవచ్చు. నేలంతా ఒకేసారి మారుతుంటే వేరే చోటు చూసుకోవడమే మంచిది.

గోడలు మూసేముందు ప్రతి గోడనూ పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీసి, ఏ గదిలో ఏ వైపు గోడో రాసి దాచుకోవాలి. తర్వాత ఎప్పుడైనా మేకు కొట్టడానికైనా, లీకేజీ వెతకడానికైనా ఆ ఫొటోలే దారి చూపుతాయి. మొత్తం ఒప్పంద ధరలో 5 నుంచి 10 శాతం కొన్ని నెలల పాటు, వీలైతే ఒక వానాకాలం గడిచేదాకా నిలిపి ఉంచే షరతును మొదటి ఒప్పందంలోనే చేర్చాలి. ఏ లోపాలను ఎవరు ఎన్ని రోజుల్లో సరిచేయాలో కూడా అందులోనే ఉండాలి. పని ముగిసి తాళం చేతులు మారాక ఈ షరతుకు ఏ కాంట్రాక్టరూ ఒప్పుకోడు.